విద్యాపీఠములలో పరిశోధన సమాచార నిర్వహణము – కృత్రిమ మేధ : పసుపు చరిత్ర నేర్పు పాఠము

విద్యాపీఠములకు రెండు బాధ్యతలు గలవు. తెలియని విషయమును కనుగొనుట మొదటిది. కనుగొన్నదానిని, ఇతరులు వెదకినప్పుడు దొరకునట్లుగా భద్రపఱచుట రెండవది. మొదటిదానికి గల గౌరవము రెండవదానికి లేదు. సిద్ధాంతవ్యాసము వ్రాసినవానికి పట్టము లభించును. అట్టి వ్యాసములకు సూచిక కూర్చినవాని పేరును ఎవరును తలపరు. ఈ రెండవ పనిని కృత్రిమ మేధ యను యంత్రవిద్యకు అప్పగింపవచ్చునను ఆశ ఇటీవల మన విశ్వవిద్యాలయములలో బలపడుచున్నది. ఆ యాశ నిరాధారము కాదు. కాని యంత్రమునకు ఏ పని అప్పగింపదగునో, ఏది మనయొద్దనే యుండవలెనో తెలిసికొనుటకు యంత్రమును పరీక్షించిన చాలదు. ఇంతకాలము మనము సమాచారమును ఎట్లు కాపాడితిమో, ఎట్లు పోగొట్టుకొంటిమో కూడ పరిశీలింపవలెను. ఈ వ్యాసమున ఆ పరిశీలనమును సంగ్రహముగా జేయుచు, నిదర్శనముగా పసుపు పంటను, దానికి ప్రసిద్ధిగన్న నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతమును, అందలి ఏర్గట్లను గైకొనుచున్నాను.

1. ఏర్గట్లనుండి ఒక ప్రశ్న

ఏర్గట్లలో పసుపు వేసిన రైతు చేనిలో దుంపకుళ్లు కనబడినదనుకొందము. ఈ తెగులు ఈ నేలలో ఇదివరకు ఎప్పుడు వచ్చెను? ఏ రకము దానికి కొంత తట్టుకొనెను? విత్తనపుదుంపను శుద్ధిచేయుటకు ఏయే పద్ధతులు పరీక్షింపబడెను? ఏవి ఫలించెను, ఏవి ఫలింపలేదు? ఇవన్నియు పరిశోధకులు శ్రమించి తెలిసికొన్న విషయములే. ఏర్గట్లకు సమీపముననే కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనస్థానము గలదు. దూరము చూచినచో సమాధానము ఇంటిముంగిటనే యున్నట్లు తోచును.

ఆ సమాధానమును వెదకు మార్గము మాత్రము అంత సులభము కాదు. పూర్వపు ఆంధ్రప్రదేశమునందు వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో ఏర్పడెను. ఉద్యాన విశ్వవిద్యాలయము 2007లో దానినుండి వేఱుపడెను. 2014లో రాష్ట్రవిభజనము జరుగగా తెలంగాణమునకు కొండా లక్ష్మణ్ బాపూజీ పేర ప్రత్యేకముగా ఉద్యాన విశ్వవిద్యాలయము వచ్చెను. కమ్మర్‌పల్లి దాని పరిధిలోనిదయ్యెను. ఒకే పంటను గూర్చిన అర్ధశతాబ్దపు నివేదికలు ఈ విధముగా పలు సంస్థల పేర, పలు తావులందు నిలిచినవి. సంస్థ మాఱినప్పుడు భవనములు, భూములు, ఉద్యోగులు లెక్కప్రకారము పంచబడుదురు. తెలిసిన విషయములకు అట్టి లెక్క వ్రాయువారుండరు.

స్థలనామముల సంగతియు నిట్టిదే. ఏర్గట్ల 2016లో మండలకేంద్రమయ్యెను. అంతకుముందు అది మోర్తాడు మండలములోనిది. మండలవ్యవస్థ వచ్చిన 1985కు పూర్వపు విషయములను తాలూకా పత్రములలో వెదకవలెను. నిజాము పాలనకాలపు కాగితములైనచో ఉర్దూ, పారసీకములు తెలిసియుండవలెను. జిల్లాకు ఇందూరు అను పూర్వనామమును ఎఱిగియుండవలెను. గ్రామము కదలలేదు, పట్టికలో దాని స్థానము కదలుచు వచ్చినది.

ఇక పంట పేరు. తెలుగున పసుపు, హిందీ ఉర్దూలలో హల్దీ, సంస్కృతమున హరిద్ర. వైద్యనిఘంటువులలో దీనికి నిశ, రజని మొదలుగా రాత్రివాచకములైన పేర్లు పెక్కు గలవు; కాంచని యనియు వ్యవహారము గలదు. వృక్షశాస్త్రమున నేడు కుర్కుమా లోంగా యనుచున్నారు. గతశతాబ్దపు వ్యాసములలో కుర్కుమా డొమెస్టికా యను పేరును తఱచుగా కానవచ్చును. అంగడిలో కొమ్ము, మండ యని వేర్వేఱుగా ధర పలుకును. రైతు దుంపకుళ్లు అనగా పరిశోధకుడు పిథియమ్ అను శిలీంధ్రము పేరు వ్రాయును. వీనిలో ఒక్క పేరుతో వెదకినవానికి తక్కిన పేర్లతోనున్న విషయము కనబడదు. రజని యను పేరుతో వెదకినచో రాత్రిని గూర్చిన కవిత్వమంతయు వచ్చి మీదబడును.

పరిశోధన సమాచార నిర్వహణ మనగా తుదకు ఇదియే. వేర్వేఱు పేర్లతో, వేర్వేఱు భాషలలో, వేర్వేఱు సంస్థలలో నున్నది ఒకే విషయమని గుర్తించి, అడిగినవానికి అందించుట.

2. పట్టిక కూర్చినవారు

మన దేశమున ఈ పని ఆధునికపద్ధతిలో మొదలైన తీరు గమనింపదగినది. కాలిన్ మెకంజీ (1754–1821) దక్షిణదేశమున భూమిని కొలుచుచు, గ్రామచరిత్రలను, శాసనప్రతులను, తాళపత్రములను సేకరించెను. ఆయనకు కన్నులును చెవులును అయినవారు కావలి సోదరులు. వెంకట బొఱ్ఱయ్య 1803లో అకాలమరణము నొందగా, ఆయన తమ్ముడు లక్ష్మయ్య మెకంజీ మరణపర్యంతము ఆ పనిని నడిపెను. ఏ కైఫీయత్తు ఏ కరణము చెప్పి వ్రాయించినది, ఏ శాసనము ఏ గుడిగోడనుండి ఎత్తి వ్రాసినది తెలిసినవారు వీరు.

మెకంజీ మరణానంతరము ఆ సంచయమునకు హెచ్.హెచ్. విల్సన్ కూర్చిన పట్టిక 1828లో కలకత్తాలో వెలువడెను. 1830ల నాటికి లక్ష్మయ్య ఆ శేషకార్యమును తానే కొనసాగింతునని అర్థించెను. ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అందుకు సమ్మతింపరైరి; సంచయమును పరిశీలించు పని విలియమ్ టేలరునకు అప్పగింపబడెను. సేకరించినవాడు బ్రతికియుండగనే, ప్రతి పత్రము యొక్క పుట్టుక తెలిసినవాని సాక్ష్యము పట్టికకు దూరమయ్యెను. నేటి పరిశోధకుడు ఒక కైఫీయత్తు యొక్క మూలమును నిర్ణయింప లేక చిక్కుపడునప్పుడు, ఆ నాటి నిర్ణయమువలని నష్టము ఎంతటిదో తెలియవచ్చును.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) చేసిన మేలు ఇందుకు భిన్నమైనది. ఆయన పండితులను జీతమిచ్చి నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులను తెప్పించి, పాఠములను పోల్చి శుద్ధప్రతులను వ్రాయించెను. శిథిలమగుచున్న స్థానికచరిత్రలకు మఱల ప్రతులెత్తించెను. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో ప్రకటించెను. మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున నేడు మనము చూచు తెలుగు ప్రతులలో పెక్కింటికి ఆయన పూనికయే కారణము. పోల్చిచూడక ఏ ప్రతినిగాని నమ్మరాదను నియమము ఆ పండితుల నిత్యకృత్యము. ఈ నియమమును ముందు యంత్రమును గూర్చి చెప్పునప్పుడు మఱల స్మరింపవలసియుండును.

3. పట్టికలో లేనిది లోకమున లేదనబడుట

తెలంగాణమునకు సంబంధించిన వఱకు పట్టికయొక్క బలమును లోకమునకు చాటిన గ్రంథము గోలకొండ కవుల సంచిక. తెలంగాణమున తెలుగుకవులు లేరను మాట పత్రికాముఖమున వినబడినప్పుడు, సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, గ్రామగ్రామమునుండి కవుల వివరములను, పద్యములను తెప్పించి, 354 మంది కవులతో 1934లో ఆ సంచికను వెలువరించిరి. ఆ కవులు అంతకుముందును ఉండిరి. వ్రాయుచునే యుండిరి. కాని వారిని ఒకచోట చేర్చిన జాబితా లేకపోవుటచే, లేరనుటకు అవకాశము కలిగెను. జాబితా వచ్చిన పిమ్మట ఆ మాట మఱల వినబడలేదు.

ఆ కార్యము ఆకస్మికము కాదు. హైదరాబాదునందు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. దాని స్థాపకులలో నొకరైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా మండలిని, పిదప ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును తలపెట్టిరి. విజ్ఞానసర్వస్వ మనగా సకలశాస్త్రములను అకారాదిక్రమమున తెలుగువానికి అందించు ప్రయత్నము. 1923లో ఆయన మరణముతో అది అసంపూర్ణముగ నిలిచెను. ఆయన పేర వెలసిన పరిశోధకమండలి తెలంగాణ శాసనములను సేకరించి 1935లో ప్రకటించెను. ఈ కార్యములన్నింటను కానవచ్చు సామాన్యధర్మ మొకటి గలదు. వీరు విశ్వవిద్యాలయపు ఉద్యోగులు కారు. జీతము కొఱకు చేసినవారును కారు. తమ భాషలోని విజ్ఞానము కంటికి కనబడనిచో తమ జాతికే లోపమని యెంచి చేసిరి.

గ్రంథాలయశాస్త్రమున ఇదే యాలోచనము సూత్రరూపము ధరించెను. మదరాసు విశ్వవిద్యాలయమునకు 1924లో గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో, పాఠకునికి తగిన గ్రంథము అందవలెననియు, గ్రంథమునకును తగిన పాఠకుడు లభింపవలెననియు, పాఠకుని కాలము వ్యర్థము కారాదనియు సారము. 1933లో వెలువడిన ఆయన ద్విబిందు వర్గీకరణము, ఒక విషయమును ఒకే అరలో బంధింపక, దాని ముఖములను విడదీసి చూపును. పసుపు ఒక పంట. దుంపకుళ్లు ఒక సమస్య. శుద్ధి ఒక క్రియ. నిజామాబాదు ఒక దేశము. సంవత్సరము ఒక కాలము. ఈ ముఖములలో దేనిని పట్టుకొని వెదకినను తక్కినవి దొరకవలెను. నేటి యంత్రములు చేయుచున్న పనికి ఈ యాలోచనము దాదాపు నూఱేండ్లనాడే మన దక్షిణదేశమున రూపొందినది.

4. పసుపుపై వ్యాజ్యము

సమాచారము దొరకనిచో నష్టము పండితునికి మాత్రమే యను భ్రమను పసుపే తొలగించినది. 1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయము, గాయములను మాన్పుటకు పసుపును ఉపయోగించు విధానముపై మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు నొసగెను. పరిశోధకు లిరువురును భారతీయమూలము గలవారు. తెగిన వ్రేలికి పసుపు అద్దని యిల్లు తెలుగునాట లేదు. కాని పేటెంటు పరీక్షకునకు ఇంటి ఆచారము సాక్ష్యము కాదు. అచ్చుపడిన గ్రంథము సాక్ష్యము. అతడు వెదకుచోట, అతనికి తెలిసిన భాషలో, అతడు వాడు పేరుతో ఆ గ్రంథము కనబడలేదు. కనబడలేదు గనుక అది క్రొత్తదని తలచెను.

భారతదేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనమండలి 1996లో అభ్యంతరము దెలిపి, సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథములనుండియు, 1953లో భారతీయ వైద్యసంఘపు పత్రికయందు ప్రకటితమైన వ్యాసమునుండియు, మొత్తము 32 ఆధారములను చూపెను. 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. ఆ మండలికి ప్రధాననిర్దేశకులుగా నుండినవారు ఆర్.ఎ. మశేల్కర్. విజయము లభించినది, కాని ప్రతి మూలికకును ఇట్లు వ్యాజ్యము నడుపుట అసాధ్యమని కూడ తెలిసెను.

ఆ తెలివినుండి 2001లో సంప్రదాయవిజ్ఞాన సంఖ్యారూప గ్రంథాలయము పుట్టెను. దాని నిర్మాణము మన విషయమునకు మిక్కిలి ముఖ్యము. అందు శ్లోకమును మాటకు మాట అనువదింపరు. మందు, అందలి ద్రవ్యములు, చేయువిధము, హరించు రోగము అను ముఖములుగా విడదీసి, ఒక్కొక్కదానికి ఒక గుర్తు నిచ్చెదరు. గుర్తులను ఒకసారి నిండించినచో, యంత్రము ఆ యోగమును ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపాను భాషలలో వెలువరించును. హరిద్ర యన్నను, హల్దీ యన్నను, మంజళ్ యన్నను ఒకే గుర్తు. ఈ వర్గీకరణప్రభావమున అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణమునందే ఓషధులకు సుమారు 200 ఉపవర్గములు ఏర్పడెను. 2009లో ఐరోపా పేటెంటు కార్యాలయము ఈ గ్రంథాలయమును పరిశీలించుటకు ఒడంబడిక చేసికొనెను.

ఇందు యంత్రము చేసిన పని గొప్పదే. కాని దానికి ముందు వైద్యులు కూర్చుండి, ఏ నిఘంటువులో ఏ రాత్రివాచకము పసుపునకు పేరో, ఏది కాదో నిర్ణయించిరి. యంత్రము ఆ నిర్ణయమును అయిదు భాషలలో మోసికొని పోయినది. ఇంకొక విషయము. ఈ గ్రంథాలయమునకు ఆకరభాషలుగా ప్రధానముగ పేర్కొనబడునవి సంస్కృతము, హిందీ, అరబ్బీ, పారసీకము, ఉర్దూ, తమిళములు. తెలుగు ఆ వరుసలో వినబడదు. సంస్కృతాంధ్రముల రెంటను కూర్చిన బసవరాజీయము వంటి వైద్యగ్రంథములు గల భాషకు ఇది ఆలోచింపవలసిన విషయము.

5. యంత్రము వచ్చిన క్రమము

కృత్రిమ మేధ యను పేరు 1956లో అమెరికాయందలి డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన సమావేశముతో ప్రచారమునకు వచ్చెను. ఆ పేరు పెట్టిన జాన్ మెకార్థీ యొద్ద 1966లో పరిశోధనపట్టము నొందినవారు చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు. లోకమునకు రాజ్ రెడ్డి. మాటను యంత్రమునకు నేర్పుట వారి ప్రధానకృషి. 1994లో ట్యూరింగు పురస్కారము వారికి లభించెను. తరువాత వారు పది లక్షల గ్రంథములను యంత్రమునకెక్కించు పథకమునకు పూనుకొనిరి. 1998లో హైదరాబాదున నెలకొన్న అంతర్జాతీయ సమాచార సాంకేతికవిద్యాసంస్థ ఆ పథకమునకు ఒక కేంద్రమయ్యెను. 2007నాటికి 15 లక్షల గ్రంథములకు పైగా ఎక్కింపబడెను. వానిలో తెలుగు గ్రంథములు సుమారు 50 వేలు. ఆ నాడు భాషలవారీగా ప్రకటించిన అంకెలలో చైనా, ఇంగ్లీషు భాషల వెనువెంట తెలుగు పేరు కనబడుట మనకు గర్వకారణము.

గర్వముతోపాటు ఒక కొఱతయు గలదు. ఆ గ్రంథములు చిత్రములుగా ఎక్కినవి, అక్షరములుగా ఎక్కలేదు. పేర్లను రోమను లిపిలో, ఏకరీతి నియమము లేక, ఎక్కించువారి ఉచ్చారణమును బట్టి వ్రాసిరి. ఒకే గ్రంథకర్త పెక్కు వర్ణక్రమములతో పెక్కుమంది యయ్యెను. పుస్తకము ఉన్నది, తెఱచి చూచిన పుటలు స్పష్టముగానే యున్నవి, కాని పేరు తెలిసిన పాఠకునకు సయితము అది చిక్కదు. కోట్ల వ్యయముతో చేసిన పని, పట్టిక వ్రాయు కడపటి అంకమున జాఱిపోయినది. ఆ గ్రంథములలో పెక్కు నేడు ఇంటర్నెట్ ఆర్కైవున లభించుచున్నవి. వానితో ఆ పేర్ల తప్పులును సంక్రమించినవి.

చిత్రమును అక్షరముగా మార్చుట తెలుగున కష్టసాధ్యము. ప, వ, ష, ఫ వంటి అక్షరముల భేదము చిన్న గీతలలో నున్నది. గుణింతము అక్షరముతో కలిసిపోవును. వత్తు క్రిందనో ప్రక్కనో నిలుచును. పాత అచ్చులో అరసున్నలు, బండి ఱకారములు గలవు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు పరిశోధకులు తెలుగు ముద్రితాక్షరములను చదువు యంత్రవిధానమును 2001లోనే అంతర్జాతీయ సదస్సునకు నివేదించిరి. తరువాతి యంత్రములు చాల మెఱుగుపడినవి. ఐనను, పాతసంచికలోని ఒక పుటను యంత్రముచే చదివించి మూలముతో పోల్చిన ప్రతివాడును, బ్రౌను పండితుల నియమము నేటికిని పనికివచ్చునని గ్రహింపగలడు.

విశ్వవిద్యాలయముల వ్యవస్థ ఈ లోపల వేఱుమార్గమున పెరిగినది. విశ్వవిద్యాలయ నిధులసంఘము 1991లో ప్రారంభించిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ గ్రంథాలయములను కలుపు వలయయ్యెను. 2009 నాటి నియమములచే సిద్ధాంతవ్యాసములను యంత్రప్రతులుగా సమర్పించుట విధియయ్యెను. అవి శోధగంగ యను భాండాగారమున చేరుచున్నవి. ఆ సంస్థయే అధ్యాపకుల ప్రచురణములను, పరిశోధనవివరములను ఒకచోట చూపు విద్వాన్, ఐరిన్స్ అను వ్యవస్థలను నడుపుచున్నది. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వ మామోదించిన ఒకే దేశము–ఒకే చందా పథకముచే, 6,300 పైగా విద్యాసంస్థలకు సుమారు 13,000 అంతర్జాతీయ పత్రికలు అందుబాటులోనికి వచ్చినవి. అనగా నేటి విద్యార్థికి లోపించినది సమాచారము కాదు. సమాచారరాశిలో తనకు కావలసినది ఏదో తెలుపు సహాయకుడు లోపించినాడు. ఆ సహాయకునిగా కృత్రిమ మేధ వచ్చినది.

6. యంత్రము చేయగలది, చేయలేనిది

ఈ యంత్రము పదమును పదముతో మాత్రమే పోల్చదు. కోట్లకొలది వాక్యములను చదివి, ఏ పదములు ఏ పదముల సన్నిధిని వచ్చునో గమనించి, ప్రతి పదమునకు ఒక సంఖ్యాశ్రేణిని ఏర్పఱచుకొనును. అర్థము దగ్గఱగానున్న పదముల శ్రేణులు దగ్గఱగా నుండును. హల్దీ, హరిద్ర, కుర్కుమా యనునవి ఒకటేయని ఎవరును చెప్పకున్నను, వాని పరిసరములను బట్టి అది గ్రహింపగలదు. ఒక భాషలో అడిగిన ప్రశ్నకు వేఱొక భాషలోని వ్యాసమును తెచ్చి, సారము చెప్పగలదు. ఏర్గట్ల రైతు తెలుగున అడిగిన దుంపకుళ్లు ప్రశ్నకు, కేరళలోని కోళిక్కోడు సుగంధద్రవ్య పరిశోధనసంస్థవారి ఇంగ్లీషు వ్యాసమునుండి సమాధానము తేగల శక్తి సిద్ధాంతరీత్యా దానికి గలదు. పూర్వము పదిమంది సూచికాకర్తలు పదేండ్లు చేయు పనిని కొలదిదినములలో చేయగలదు. దీనిని కాదనుట న్యాయము కాదు.

కాని మూడు లోపములను గుర్తింపవలెను.

మొదటిది: అది చదివినదానిలో తెలుగు మిక్కిలి కొంచెము. పరిసరములను బట్టి అర్థము గ్రహించునది, పరిసరములే లేనిచోట ఏమి గ్రహింపగలదు? మండ, కొమ్ము అను అంగడిమాటలు, తాటాకు మచ్చ వంటి తెగుళ్ల పేర్లు అచ్చులో పలుచగా నుండుటచే, ఇంగ్లీషున గట్టిగా సమాధానము చెప్పు యంత్రమే తెలుగున తడబడును.

రెండవది: తెలియనిచోట అది ఊరకుండదు. వాక్యమును అందముగా పూరించుట దాని స్వభావము గనుక, లేని గ్రంథమునకు పేరు పెట్టి, లేని సంచికను, లేని పుటసంఖ్యను చూపును. 2023లో న్యూయార్కు న్యాయస్థానమున న్యాయవాదులు యంత్రము కల్పించిన తీర్పులను ఆధారములుగా చూపి, 5,000 డాలర్ల జరిమానాకు గురియైరి. న్యాయస్థానమున ఎదుటిపక్ష మున్నది గనుక ఆ కల్పన బయటపడినది. సిద్ధాంతవ్యాసమున ఎదుటిపక్షముండదు. లేని ఆధారము ఒక వ్యాసమున చోటుచేసికొన్నచో, తరువాతివా డొకడు దానినే ఉదాహరించును. ఆపై యంత్రము ఆ రెంటిని చదివి మఱింత ధైర్యముతో చెప్పును. లక్ష్మయ్య సాక్ష్యము లేని కైఫీయత్తుల చిక్కు ఇచట వేయింతలగును.

మూడవది మిక్కిలి ప్రమాదకరము. యంత్రముచే సమాచారమును నిర్వహించు విద్యాపీఠము, ఆ యంత్రము చూపిన లెక్కచేతనే పండితుని విలువ కట్టుటకు పూనుకొనును. తెలుగు పరిశోధనపత్రికలు అంతర్జాతీయసూచికలలో దాదాపుగా కానరావు. ముప్పదియేండ్లు శాసనములను చదివి తెలుగున వ్యాసములు వ్రాసిన ఆచార్యుని పేరెదుట అట్టి పట్టిక సున్న చూపును. తెలంగాణమున కవులు లేరన్న మాటకును ఈ సున్నకును భేదము లేదు. ఆ నాడు ఆ మాట చెప్పినవాడు మనుష్యుడు గనుక ప్రత్యుత్తరము చెప్పుట సాధ్యమైనది. యంత్రము చెప్పినదానిని వాదించి త్రిప్పుటకు ఎవరు గలరు?

7. కర్తవ్యము

కాబట్టి యంత్రమును వలదనుట పరిష్కారము కాదు. దానికి ముందుగా చేయవలసిన పని మనము చేయవలెను. ఆ పని తెలుగుశాఖలకు చెందినది.

ప్రతి విశ్వవిద్యాలయమును తన సిద్ధాంతవ్యాసములకు తెలుగులిపిలో నిర్దుష్టమైన పేరు, కర్త, సంవత్సరము, విషయపదములు చేర్చి, ఒక వ్యక్తికి ఒకే నామరూపమును స్థిరపఱుపవలెను. విజ్ఞానశాస్త్రమున ఇంగ్లీషులో వ్రాయబడిన వ్యాసమునకును తెలుగున ఒక పుట సారాంశమును విధిగా కోరవలెను. అప్పుడు యంత్రమునకు రెండు భాషల నడుమ వంతెన మనమే కట్టి యిచ్చినట్లగును. గ్రామనామములకు, వాని పూర్వపు తాలూకా, మండల సంబంధములతో ఒక నిఘంటువు కావలెను. వృత్తిపదములను, పంటల పేర్లను, తెగుళ్ల పేర్లను వాడువారినుండియే వ్రాసికొని ప్రకటింపవలెను. పరిశోధనస్థానములు తమ విఫలప్రయోగములను సయితము నమోదుచేయవలెను. ఏ మందు పనిచేయలేదో తెలియుట రైతునకు పనిచేసినది తెలియుటకంటె తక్కువ మేలు కాదు.

యంత్రము చూపిన ప్రతి ఆధారమును మూలముతో పోల్చక గైకొనరాదను నియమము పరిశోధకులకు, పర్యవేక్షకులకును సమానముగ వర్తింపవలెను. యంత్రపు లెక్క ఏదైనను, పండితుని యోగ్యతానిర్ణయమునకు అది సహాయమే కాని తీర్పు కారాదు.

పసుపు విషయమున దీనికి అనుకూలసమయము వచ్చినది. జాతీయ పసుపుమండలి 2025 జనవరి 14న ప్రారంభమై నిజామాబాదునే ప్రధానస్థానముగా జేసికొన్నది. డిచ్‌పల్లిలో 2006లో వెలసిన తెలంగాణ విశ్వవిద్యాలయము, కమ్మర్‌పల్లి పరిశోధనస్థానము ఆ జిల్లాలోనివే. ఈ మూడు సంస్థలును కలిసి, పసుపును గూర్చి ఇంతవఱకు జరిగిన పరిశోధనమున కంతటికి ఒక తెలుగు సూచికను కూర్పగలిగినచో, యంత్రమునకు చదువుటకు యోగ్యమైన పాఠము ఏర్పడును. అది ఏర్పడనిచో, ఎంత గొప్ప యంత్రమును కొని తెచ్చినను, అది ఇతరులు తమ భాషలో వ్రాసిపెట్టిన పసుపునే మనకు చూపును.

పేటెంటు వ్యాజ్యమున మనలను కాపాడినవి 32 కాగితములు. వానిని ఎప్పుడో ఒకరు వ్రాసిరి, ఒకరు దాచిరి, ఒకరు పట్టికకెక్కించిరి. ఆ మువ్వురిలో మూడవవాని పనిని నేడు యంత్రము పంచుకొనగలదు. మొదటి యిరువురి పని నేటికిని మనదే. మూడవవాని పనిలోను, ఇది అదియే యని చెప్పి చేవ్రాలు చేయు బాధ్యత మనుష్యునిదే. విద్యాపీఠములు ఆ చేవ్రాలునకు తగిన గౌరవమును, వేతనమును, కాలమును ఇచ్చినప్పుడే ఏర్గట్ల రైతు అడిగిన ప్రశ్నకు, అతని భాషలో, నమ్మదగిన సమాధానము అందును.